లావెక్కిన కుక్కను నడిపించి బరువు తగ్గించడం ఎలా?

పొద్దున్న ఆరున్నరకు బెంగళూరులో, మారతహళ్లిలోనో బెల్లందూరులోనో ఏదో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి చూడండి. ఒక చేతిలో బెల్టు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని జనం బయటికొస్తారు. కుక్క ప్రతి కరెంటు స్తంభాన్నీ, ప్రతి కారు టైరునూ వాసన చూస్తుంది. మనిషి వాట్సాప్ చూసుకుంటాడు. అరగంటయ్యాక ఇద్దరూ లిఫ్టెక్కి పైకి పోతారు. అందులో నడిచింది పది నిమిషాలుంటే గొప్ప. తర్వాత డాక్టరు దగ్గర "రోజూ వాకింగ్‌కు తీసుకెళ్తూనే ఉన్నామండీ, అయినా లావవుతోంది" అంటారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే బయట గడిపిన సమయం అంతా వాకింగ్ లెక్కలో పడిపోతోంది.

కుక్కకు పనికొచ్చేవి ఆగకుండా, కాస్త వేగంగా నడిచిన నిమిషాలు. వాటిని వారం వారం ఎలా పెంచుకుంటూ పోవాలో, ఎక్కడ ఆపెయ్యాలో చెబుతాను. తిండి సంగతి కూడా వస్తుంది, తప్పదు.

ముందు చేత్తో తడిమి చూడండి

కళ్లతో చూసి తేల్చుకోకండి. గోల్డెన్ రిట్రీవర్, షిట్జు లాంటి బొచ్చు కుక్కల విషయంలో కళ్లు ఊరికే మోసపోతాయి. కుక్కను నిలబెట్టి, రెండు చేతులూ పక్కటెముకల మీద ఆనించి వేళ్లు మెల్లగా కదపండి. తర్వాత మీ ఎడమచేతిని బోర్లా చాచి, దాని పైభాగాన్ని కుడిచేతి వేళ్లతో తడమండి. పల్చటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి కదా, పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. అరచేతిలో బొటనవేలి కింద ఉండే మెత్తటి కండలా తగిలితే లావెక్కినట్టే. పైనుంచి చూసినప్పుడు నడుము కొంచెం లోపలికి పోవాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక కాళ్ల వైపుకు వెళ్లేకొద్దీ పైకి లేవాలి.

డాక్టర్లు ఇదే పరీక్షకు 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 4, 5 మంచి మార్కులు. 5 దాటిన ఒక్కో మార్కుకు, ఉండాల్సిన బరువు కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువ ఉన్నట్టు లెక్క. ఉదాహరణకు 30 కిలోలు ఉండాల్సిన లాబ్రడార్ 38 కిలోలుంటే దానికి 7 పడుతుంది. ఇక్కడి నుంచి లెక్కలన్నీ ఈ 38 కిలోల లాబ్ మీదే చెబుతాను. మీ కుక్కకు తగ్గట్టు మార్చుకోండి.

తూకం క్లినిక్‌లోని పెద్ద మిషన్ మీద వేయించడం మంచిది. చిన్న కుక్కయితే ఎత్తుకుని ఇంట్లో తూకం మిషన్ ఎక్కండి, అందులోంచి మీ బరువు తీసెయ్యండి. ఎప్పుడు తూచినా అదే మిషన్, అదే టైము.

"బొద్దుగా ఉంటేనే ముద్దు" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి: అమెరికాలో 48 లాబ్రడార్లను కుక్కపిల్లలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా, 14 ఏళ్లపాటు గమనించారు. ఒక్కో జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా మొదలయ్యాయి. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి.

డాక్టరును అడగాల్సినవి

వేగం పెంచే ముందు ఒకసారి వెట్ దగ్గరికి వెళ్లి మూడు విషయాలు తేల్చుకోండి. మొదటిది థైరాయిడ్. అది సరిగ్గా పని చేయకపోతే కుక్క తక్కువ తిన్నా లావవుతుంది, ఎప్పుడూ మందకొడిగా పడుంటుంది. ఎంత నడిపించినా ప్రయోజనం ఉండదు, ముందు మాత్రలు వాడాలి. రెండోది తుంటి, మోకాలి కీళ్లు. లాబ్‌లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు పుట్టుకతోనే సరిగ్గా కూర్చోకపోవడం మామూలే. మూడోది గుండె. ఇవి కాక, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కయితే దానికి కేలరీల అవసరం తగ్గిపోతుంది. ఆపరేషన్ తర్వాత కూడా పాత గిన్నెతోనే పెడుతుంటే లావుకు కారణం అక్కడే దొరుకుతుంది.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు కింద చెప్పిన ప్లాన్ వద్దు. వాటికి ఊపిరి ఆడటమే కష్టం. చల్లటి వేళ మెల్లగా ఎక్కువసార్లు నడిపించి, మిగతాది తిండిలో తగ్గించుకోవాలి. ఏడాదిన్నర నిండని పెద్ద జాతి కుక్కలనూ తొందరపెట్టకండి, ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి.

కట్టుకోవాల్సినవి

మెడపట్టీకి బెల్టు తగిలించి వేగంగా నడిపిస్తే, లాగినప్పుడల్లా గొంతు మీద పడుతుంది. లావు కుక్కకు అసలే ఆయాసం. ఛాతీ మీదుగా వెళ్లే హార్నెస్ కొనండి. భుజాలకు అడ్డంగా పట్టీ ఉన్నది వద్దు, ముందు కాళ్లు బాగా చాచనివ్వదు. బరువు తగ్గేకొద్దీ బిగించుకునే వీలుండాలి. బెల్టు ఆరడుగులది చాలు. బటన్ నొక్కితే సాగే రకం ఈ పనికి పనికిరాదు, కుక్క వేగాన్ని మీరు పట్టుకోలేరు. నీళ్ల సీసా, మలం ఎత్తే కవర్లు ఎలాగూ ఉంటాయి. ఫోను జేబులో.

అసలు నడక

ఎంత వేగం? మీకైతే కిలోమీటరుకు పది పదకొండు నిమిషాలు. మాట్లాడగలగాలి కానీ పాట పాడేంత తీరిక ఉండకూడదు. అయితే కొలత మీ కాళ్లు కాదు, కుక్క కాళ్లు. మెల్లగా నడిచేటప్పుడు దాని కాళ్లు ఒక్కొక్కటిగా పడతాయి. వేగం పెరిగితే ఒక వైపు ముందు కాలు, రెండో వైపు వెనక కాలు కలిసి లేస్తాయి, ఒళ్లు లయగా ఊగుతుంది. అదీ మనకు కావలసిన దుడుకు నడక. లాబ్‌తో దాన్ని అందుకోవాలంటే మీరు చెమటోడ్చాలి. పొమేరియన్‌కైతే మీ మామూలు నడకే సరిపోతుంది, డాక్స్‌హండ్‌కు అది కూడా ఎక్కువ. పరుగు మాత్రం వద్దు. అధిక బరువుతో పరిగెత్తితే కీళ్లు దెబ్బతింటాయి. బంతి విసిరి ఎగిరించే ఆటలూ, మెట్ల మీద ఎక్కించి దించడమూ బరువు తగ్గేదాకా పక్కన పెట్టండి.

రోజుకు రెండు నడకలు. మొదటి రెండు వారాలు ఒక్కోటి 20 నిమిషాలు. గేటు దాటగానే అయిదు నిమిషాలు దాని ఇష్టం: వాసన చూడనీ, పనులు కానిచ్చుకోనీ. తర్వాత ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా, ఇలా నాలుగుసార్లు. చివరి మూడు నిమిషాలు మెల్లగా ఇంటికి.

మూడు, నాలుగు వారాల్లో 25 నిమిషాలు. మధ్యలో రెండు నిమిషాలు వేగం, రెండు మామూలు, నాలుగుసార్లు. అయిదు, ఆరు వారాలకు అరగంట: మూడు నిమిషాలు వేగం, రెండు మామూలు, మళ్లీ నాలుగుసార్లు. ఏడో వారం నుంచి 35 నిమిషాలు: నాలుగు వేగం, ఒకటి మామూలు, అయిదుసార్లు. ఇక్కడికొచ్చేసరికి ఒక్కో నడకలో 20 నిమిషాల గట్టి నడక పడుతుంది. చాలా కుక్కలకు ఇక్కడ మార్పు కనిపిస్తుంది, లిఫ్టు తలుపు తెరుచుకోగానే అవే లాగుతాయి. ఆ తర్వాత మధ్య విరామాలను కుదిస్తూ, ఆగకుండా పాతిక నిమిషాలు నడిచేలా చేయండి. ఏ వారమైనా ఇబ్బంది పడితే ముందు వారం ప్లానే ఇంకోసారి నడపండి. ఇందులో గడువులు ఏమీ లేవు.

వేగం మొదలుపెట్టే ముందు ఒకే మాట వాడండి, "పద" అనుకోండి. వాసన చూడ్డానికి వదిలేటప్పుడు ఇంకో మాట, "చూసుకో". పది రోజుల్లో కుక్కకు తేడా తెలిసిపోతుంది. వాసన చూడటాన్ని పూర్తిగా ఆపకండి, దానికి అదే న్యూస్‌పేపరు. నడక మధ్యలో కాకుండా ముందూ వెనకా పెట్టుకోండి, అంతే. మధ్యలో స్తంభం దగ్గర ఆగబోతే బెల్టు గుంజకుండా, మీరు ఆగకుండా "పద" అంటూ సాగిపోండి. మీ అడుగు తడబడితే కుక్క వెంటనే పసిగడుతుంది.

కూర్చుండిపోయే కుక్కలుంటాయి. గేటు దాటి వంద గజాలు పోగానే రోడ్డు మీద బైఠాయించి మన మొహం చూస్తాయి. ఈడ్చుకుపోకండి. దిక్కు మార్చి రెండడుగులు వేయండి, లేచి వస్తే దాని రోజువారీ తిండిలోంచే తీసి పెట్టుకున్న గింజ ఒకటి ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే ఒక చిట్కా ఉంది. ఇలాంటి కుక్కలు ఇంటి నుంచి పోయేటప్పుడు నత్తనడక నడిచి, వచ్చేటప్పుడు గుర్రాల్లా వస్తాయి. అందుకని ఇంట్లో ఎవరినైనా కారులో ఒక కిలోమీటరు అవతల దింపమనండి. తిరుగు నడకంతా ఇంటివైపే కాబట్టి వేగం దానంతటదే వస్తుంది.

బెంగళూరు రోడ్ల మీద గట్టి నడకకు రెండు అడ్డంకులు. ఒకటి పలకరింపులు. పిల్లలు చుట్టూ చేరి "అంకల్, కచ్చుత్తా?" (కరుస్తుందా?) అని కన్నడలో అడుగుతారు. "కచ్చల్ల" (కరవదు) అని నవ్వి సాగిపోండి, ముద్దులు చివరి అయిదు నిమిషాల్లో చేసుకోవచ్చు. రెండోది వీధికుక్కలు. ఒక్కో గుంపుకు ఒక్కో వీధి. రెండు మూడు రోజులు మీరొక్కరే నడిచి, ఏ మలుపు దగ్గర ఏ గుంపు ఉంటుందో చూసుకుని దారి ఖాయం చేసుకోండి. రోజూ ఒకే వేళ, ఒకే దారిలో వెళ్తుంటే అవి కూడా పట్టించుకోవడం మానేస్తాయి. రేబీస్ టీకా గడువు మాత్రం దాటనివ్వకండి. ఇంకో మాట, వీధికుక్కల కోసం గోడ పక్కన పెట్టే అన్నం, బిస్కెట్లు మీ కుక్క కంట పడకుండా చూడండి. దాని దృష్టిలో ఈ వాకింగ్ మొత్తం అందుకోసమే.

వాన రోజుల్లో బేస్‌మెంట్ పార్కింగ్ వాడుకోండి. కార్ల రద్దీ లేని మధ్యాహ్నం వేళ చుట్లు కొట్టవచ్చు. మూడో నెల నుంచి బేస్‌మెంట్ ర్యాంపు కూడా పనికొస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తుంటి, తొడ కండరాలు బాగా పని చేస్తాయి. దిగేటప్పుడు భారమంతా ముందు కాళ్ల మీద పడుతుంది కాబట్టి చాలా మెల్లగా దింపాలి. ఆదివారం కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీద వాహనాలు ఉండవు. పొద్దున్నే వెళ్తే చెట్ల నీడలో హాయిగా నడవవచ్చు, బెల్టు మాత్రం విప్పకండి. కొన్ని పార్కులు, చెరువు గట్లు కుక్కలను లోపలికి రానివ్వవు, గేటు దగ్గర బోర్డు చూసుకుని వెళ్లండి.

ఎప్పుడు ఆపాలి

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, మన విజయవాడతో పోలిస్తే సాయంత్రాలు స్వర్గమే. దాన్ని నమ్ముకుని మార్చి, ఏప్రిల్‌లో సాయంత్రం అయిదుకు బయల్దేరకండి. తారు రోడ్డు అప్పటికి చల్లారదు. చెయ్యి బోర్లించి ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనలేవు. ఎండాకాలం పొద్దున్న ఏడులోపు, రాత్రి ఏడు దాటాక.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే వేడి పోగొట్టుకోవాలి. లావు కుక్కకు ఆ పని ఇంకా కష్టం. నాలుక చివర వెడల్పుగా పారలా సాగిపోయినా, రొప్పడంలో గరగర శబ్దం వచ్చినా, నీడ కనపడగానే పడుకోబోయినా ఆ రోజుకు చాలు. చిగుళ్లు బాగా ఎర్రబడినా, పాలిపోయినా, నడక తూలినా వడదెబ్బ అనుకోవాలి. నీడలోకి తెచ్చి, మామూలు కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి, గాలి తగిలేలా చేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38, 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికొచ్చాక పది నిమిషాల్లో రొప్పడం తగ్గాలి. తగ్గకపోతే నడక ఎక్కువైంది. మర్నాడు పొద్దున్న లేచేటప్పుడు బిగుసుకుపోయినట్టున్నా, కుంటినా రెండు రోజులు విశ్రాంతినిచ్చి ఒక వారం వెనక్కి వెళ్లండి. కుంటు పోకపోతే డాక్టరుకు చూపించండి.

వానలు మొదలయ్యాక పిడుదులు పెరుగుతాయి. నిన్నటిదాకా హుషారుగా నడిచిన కుక్క ఉన్నట్టుండి నడవనంటే బద్ధకం అనుకోకండి. పిడుదు జ్వరం ఇలాగే మొదలవుతుంది: నీరసం, తిండి మీద అయిష్టం, ఒంటి వేడి. లాబ్ తిండి వద్దంటే ఎప్పుడైనా సీరియస్‌గానే తీసుకోవాలి. రక్త పరీక్షలో తేలిపోతుంది, త్వరగా పట్టుకుంటే మందులకు లొంగుతుంది. నడిచొచ్చాక చెవుల లోపల, వేళ్ల మధ్య, మెడపట్టీ కింద తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

డాగ్ వాకర్ ఉంటే

ఆఫీసు టైమింగుల వల్ల చాలామంది నెలజీతానికి వాకర్లను పెట్టుకుంటారు. తప్పేం లేదు. కాకపోతే ఒకేసారి నాలుగైదు కుక్కలను పట్టుకొచ్చే వాకర్ మీ కుక్క ఒక్కదాన్నే వేగంగా నడిపించలేడు, ఆ మాట ఎదుటివాణ్ని నిందించకుండానే ఒప్పుకోవచ్చు. విడిగా తీసుకెళ్లమని అడిగి, దానికి తగ్గట్టు జీతం పెంచండి. మొదటి వారం మీరూ పక్కన నడిచి వేగం చూపించండి. తర్వాత ఫోనులో దూరం లెక్కగట్టే యాప్ ఆన్ చేయమనండి. దూరం కంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి.

తిండి లెక్క

నడకలో ఖర్చయ్యేది మనం అనుకున్నంత ఉండదు. కుక్క కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ. మన 38 కిలోల లాబ్ మూడు కిలోమీటర్లు నడిస్తే 114 కేలరీలు. గ్లూకోజ్ బిస్కెట్లు 100 గ్రాములకు దాదాపు 450 కేలరీలు, అంటే పాతిక గ్రాముల బిస్కెట్లతో ఆ నడకంతా చెల్లు. 250 గ్రాముల పెరుగన్నం గిన్నెలో 250 కేలరీల దాకా ఉంటాయి. గట్టి నడక వల్ల కండ కరగకుండా కొవ్వు కరుగుతుంది, కీళ్లకు బలం వస్తుంది. కానీ వంటింటి తలుపు దగ్గర గస్తీ కాయకుండా తూకం ముల్లు కదలదు.

లెక్క ఇలా వేయండి. ఉండాల్సిన బరువును 30తో హెచ్చించి 70 కలపండి. 30 కిలోలకు 970 వస్తుంది. రోజు మొత్తానికి అన్ని కేలరీలతో మొదలుపెట్టి, డాక్టరు సలహాతో సర్దుకోవాలి. ప్యాకెట్ తిండి వెనక 100 గ్రాములకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. 360 ఉంటే రోజుకు 270 గ్రాములు, బహుమతి గింజలన్నీ అందులోంచే. కప్పుతో కొలవకండి, వంటింటి డిజిటల్ తూకంతో గ్రాముల్లో తూచండి. ఇంటి వంట పెట్టేవాళ్లు ఉన్నదాన్నే సగం చేస్తే పోషకాలు కూడా సగమవుతాయి. ఏది ఎంత పెట్టాలో డాక్టరుతో రాయించుకోండి. ఆకలికి దోసకాయ, క్యారెట్, ఉడికించిన బీన్స్ ముక్కలు పెట్టవచ్చు. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఏ కొంచెమూ వద్దు.

అసలు కష్టం తూకంతో కాదు, ఇంట్లోవాళ్లతో. ఊరినుంచి వచ్చిన అత్తయ్య "పాపం, ఎలా చూస్తోందో చూడమ్మా" అంటూ ముద్ద పెడుతుంది. మావయ్య టీలో ముంచిన బిస్కెట్ ఇస్తాడు. కింద సెక్యూరిటీ అన్న కూడా ఒకటి ఇస్తాడు, పిల్లల ప్లేట్లు ఎలాగూ ఉన్నాయి. కోప్పడితే దొంగచాటుగా పెడతారు, ఇంకా నష్టం. పొద్దున్నే ఆ రోజు గింజల్లోంచి ఒక గుప్పెడు చిన్న డబ్బాలో పోసి, "అత్తయ్యా, ఎప్పుడు పెట్టాలనిపించినా ఇందులోంచే పెట్టండి" అని ఆవిడ చేతికే ఇవ్వండి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. పెద్దావిడ ముచ్చటా తీరుతుంది, లెక్కా తప్పదు.

ఆ ఆకలి చూపులకు కారణం కూడా ఉండవచ్చు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో కొంత ముక్క ఉండదని, వాటికి తిండి మీద యావ ఎక్కువని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో చూపించారు. అలాంటి కుక్క కడుపు నిండా తిని కూడా అలాగే చూస్తుంది. తిండిని గిన్నెలో పోసేయకుండా, దొర్లిస్తే గింజ గింజగా రాలే బొమ్మలో వేస్తే ఆ యావ కొంత తీరుతుంది.

తూకం కదలకపోతే

వారానికి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే చాలు. మన లాబ్‌కు అది 400 నుంచి 750 గ్రాములు. మెల్లగా అయినా సరే, అయిదారు నెలల్లో ఎనిమిది కిలోలూ దిగుతుంది. అంతకంటే వేగంగా తగ్గితే కండ కూడా పోతున్నట్టు, తిండి కొంచెం పెంచండి. రెండు వారాలకోసారి తూచి, ఫ్రిజ్ మీద కాగితంలో రాయండి.

వరుసగా రెండు తూకాల్లో ముల్లు కదలకపోతే ముందు ఇంట్లో దొంగ ముద్దలు వెతకండి, చాలాసార్లు దొరుకుతాయి. దొరక్కపోతే డాక్టరును అడిగి తిండి ఇంకో పది శాతం తగ్గించండి, నడకలో ఒక విడత కలపండి. దీపావళి వారం టపాకాయల భయంతో కొన్ని కుక్కలు గడప దాటవు. అప్పుడు బలవంతం చేయకుండా తిండి కాస్త తగ్గించి, నడక తర్వాత అందుకోండి.

అనుకున్న బరువుకు వచ్చాక తిండి ఒక్కసారిగా పాత లెక్కకు పెంచెయ్యకండి. పది శాతం పెంచి రెండు వారాలు చూడండి, ఇంకా తగ్గుతుంటే మరో పది. బరువు నిలిచిన చోట ఆపండి. నడక మాత్రం అదే వేగంతో ఉండనీయండి, తూకం నెలకోసారి చాలు. ఎప్పుడైనా ఒక కిలో పెరిగితే ఆ నెలలోనే మళ్లీ గ్రాముల లెక్క మొదలుపెట్టండి.